ఆవులకు మార్కులు వేసిన రోజులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఏదీ ఉండేది కాదు. ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి ఉన్నంత జ్ఞానం మళ్లీ ఎప్పుడూ ఉండదనుకుంటాను. ఆ తర్వాత ఏటా కొంచెం కొంచెంగా తరిగిపోతూ వస్తుంది. ఎవరేం అడిగినా "వస్తది" అనేవాణ్ణి. వెల్డింగ్ వస్తుందా అంటే వస్తది. అరబ్బీ వస్తుందా అంటే వస్తది (నాకు వచ్చిన అరబ్బీ మూడు మాటలు, అందులో రెండు సలాములే). డ్రైవింగ్ కూడా వస్తది, లైసెన్సు ఒక్కటే రాలేదు. జగిత్యాల పక్క పల్లె నుంచి హెల్పర్ వీసా మీద ఒమాన్‌లోని సోహార్‌కు వచ్చి ఏడాది తిరగకముందే ఈ ఒక్క మాట వల్ల పడరాని పాట్లు పడ్డాను. అన్నీ చెబితే మీకు నా మీద ఉన్న కాస్త గౌరవం కూడా పోతుంది కాబట్టి ఒక్కటే చెబుతాను. అది ఆవుల సంగతి.

మా కంపెనీకి పోర్టు దగ్గర సైట్ అయిపోయింది, కొత్త సైట్ ఇంకా మొదలు కాలేదు. క్యాంపులో ఎనిమిదిమందిమి ఒకే రూమ్‌లో పడుకుని, లేచి, వండుకుని, మళ్లీ పడుకుంటున్నాం. ఎండాకాలం. బయట అడుగు పెడితే చెప్పు నేలకు అతుక్కునేది. అలాంటి ఒక మధ్యాహ్నం మా క్యాంప్ బాస్ (కేరళ ఆయన, మేమందరం చేటన్, అంటే వాళ్ల భాషలో అన్న, అనేవాళ్లం) తలుపు తీసి, కంపెనీ పెద్దకు బంధువైన ఒక అర్బాబ్‌కు పశువుల తోట ఉందనీ, దాన్ని చూసే ముసలాయన రెండు నెలల సెలవు మీద ఊరికి పోతున్నాడనీ, ఆ రెండు నెలలకు ఆవుల సంగతి తెలిసిన మనిషి కావాలనీ అన్నాడు. అర్బాబ్ అంటే యజమాని. ఆ మాటలో నాకు 'తోట' అన్నది ఒక్కటే వినబడింది. తోటంటే చెట్లు, చెట్లంటే నీడ. చెయ్యెత్తేశాను. పక్క మంచం మీది మా ఊరి అన్న నా మోచేయి పట్టుకుని కిందికి గుంజాడు గానీ అప్పటికే చేటన్ నా పేరు రాసుకున్నాడు.

నిజం చెప్పాలంటే మా ఇంట్లో ఉన్నది ఒక్క బర్రె. దాని మేత, నీళ్లు, పాలు, పురుళ్లు అన్నీ మా అమ్మే చూసేది. నాకూ దానికీ మాత్రం పడేది కాదు. నేను దగ్గరికి పోతే తోకతో చెంప మీద కొట్టేది, నేను ఇంకా దగ్గరికి పోయేవాణ్ణి కాదు. అలా ఒకరి జోలికి ఒకరం పోకుండా పదిహేనేళ్లు ఒకే ఇంట్లో కాపురం చేశాం. ఈ అనుభవంతో నేను నలభై మూడు ఆవులకు పెద్ద దిక్కునయ్యాను.

తోట సోహార్ ఊరు దాటి, సముద్రానికి వెన్ను చూపి కొండల వైపు పోతే వస్తుంది. ఖర్జూరపు చెట్లు, నిమ్మచెట్లు, పచ్చగడ్డి మడులు, వెనకాల ఇనుప గొట్టాలతో కట్టిన పెద్ద దొడ్డి. అర్బాబ్ అరవై దాటిన మనిషి, సర్కారు నౌకరీ చేసి దిగిపోయినవాడు, మాట మెల్లగా ఉంటుంది. హిందీ నాకంటే బాగా మాట్లాడేవాడు. నన్ను తలనుంచి పాదం దాకా చూసి ఆవుల పని తెలుసా అని అడిగాడు. చిన్నప్పటి నుంచి ఆవుల మధ్యే పెరిగానని చెప్పాను. (బర్రెను ఆవుల్లో కలిపేశాను, 'మధ్య' అన్నది కొంచెం ఎక్కువే.) ఆయన సంతోషపడి నా భుజం తట్టి "ఖబీర్" అన్నాడు. నా పేరు కబీర్ కాదని మర్యాదగా సరిదిద్దాను. మరుసటి రోజు కూడా అదే పిలుపు, నేను మళ్లీ సరిదిద్దాను. ఖబీర్ అంటే అరబ్బీలో నిపుణుడని వారం తర్వాత తెలిసింది. అప్పటికి ఆ పేరు నాకు స్థిరపడిపోయింది.

సెలవు మీద పోయే ముసలాయన బలూచీ, అందరూ ఆయనను చాచా అనేవాళ్లు. ఒక్క పూటలో పనంతా అప్పజెప్పి టాక్సీ ఎక్కేశాడు. పొద్దున గడ్డి, సాయంత్రం గడ్డి, మధ్యలో నానబెట్టిన ఖర్జూరాలు, వాటితో పాటు ఒక బుట్టెడు ఎండు చేపలు. చేపలు ఎవరికని అడిగాను. ఆవులకే అన్నాడు. ఆ తీరంలో ఎప్పటినుంచో పశువులకు ఎండబెట్టిన చిన్న చేపలు పెడతారని ఇప్పుడు తెలుసు గానీ, ఆ రోజు ఒక ఆవు నా కళ్లముందు కరకరమని చేప నములుతుంటే నేను రెండడుగులు వెనక్కి వేశాను. మా అమ్మకు ఫోన్‌లో ఆ సంగతి చెప్పలేదు. అసలు చాలా సంగతులు చెప్పలేదు. ఆవుల దగ్గర పని అని మాత్రం చెప్పాను. ఆమె గోసేవ అనుకుంది. రెండు రోజుల్లో ఊరంతా అలాగే చెప్పిందట. మా కొడుకు అరబ్బు దేశం పోయి కూడా గోవుల సేవ చేస్తున్నాడని మా పెద్దమ్మ కూడలిలో అందరికీ చెబుతున్నట్టు మా చెల్లె చెప్పింది. నేను కాదనలేదు.

ఆ ఆవులు పాలకు కాదని నాకు రెండో రోజే తెలిసింది. అవి మాంసపు జాతి. స్థానికపు చిన్న మూపురపు ఆవులకూ, బయటి దేశపు పెద్ద ఆబోతుకూ పుట్టిన సంకరం. ఆవులు దూడల్ని ఈనాలి, పాలన్నీ దూడలే తాగాలి, దూడలు బలంగా పెరిగితే వాటిని అమ్మాలి. ఏటా బక్రీద్ పండుగకు ముందు బేరగాడు లారీతో వచ్చి పెరిగిన దూడలతో పాటు మందలో పనికిరావనుకున్న ఆవుల్ని కూడా కొనుక్కుపోతాడు. ఎక్కడికి పోతాయో అడగనక్కర్లేదు. నేను ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా గడ్డి కట్టలు లెక్కపెట్టుకునేవాణ్ణి.

మూడో వారంలో అర్బాబ్ కూతురు వచ్చింది. ఆమె పశువుల చదువు చదివి అప్పుడే యూనివర్సిటీ నుంచి బయటపడింది. చిన్నప్పటి నుంచి చాచా దగ్గర తిరగడం వల్ల ఆమెకూ హిందీ బాగా వచ్చు. నేను మేడం అనేవాణ్ణి. తోట రెండేళ్లుగా నష్టంలో ఉందని, ఈ ఏడు కూడా అలాగే అయితే మందనంతా ఒకేసారి అమ్మేసి దొడ్డి మూసేస్తానని వాళ్ల నాన్న అన్నాడని ఆమె నాకు చెప్పింది. మందలో ఏ ఆవు లాభానికి ఉందో, ఏది ఊరికే మేస్తుందో తేల్చి, పనికొచ్చేవాటినే ఉంచితే తోట నిలబడుతుందని ఆమె నమ్మకం. చిక్కేమిటంటే చాచా లెక్కలన్నీ చాచా తలలో ఉన్నాయి, ఆయన తల పాకిస్తాన్ తీరంలోని గ్వాదర్‌లో ఉంది, ఫోన్ చేస్తే ఎత్తడు. వాళ్ల నాన్న కూతురి మాట వినడు. ఆయనకు ఏ ఆవును చూసినా దాని తల్లి గుర్తొస్తుంది, దాని అమ్మమ్మ గుర్తొస్తుంది. అందుకని ఆమె ఒక ఉపాయం చెప్పింది. తాను చెబితే చిన్నపిల్ల మాట అవుతుంది, అనుభవం ఉన్న మనిషి చెబితే నాన్న వింటాడు, కాబట్టి ఆవులన్నింటినీ నేనే పరీక్ష చేయాలి. నా చేతిలో ఒక కాగితాల కట్ట పెట్టింది. ఒక్కో ఆవుకు ఒక వరుస. పళ్లు, కాళ్లు, పొదుగు, ఒళ్లు, గుణం, దూడ. ఒక్కోదానికి పదేసి మార్కులు. ఈ పని వస్తుందా అని అడిగింది. నేనేమన్నానో మీకు తెలుసు.

జీవితమంతా పరీక్షలు రాసి తప్పినవాడికి మార్కులు వేసే అధికారం ఇస్తే ఎలా ఉంటుందో అలా ఉండింది ఆ నాలుగు రోజులూ. ఒక కుర్చీ తెచ్చి దొడ్డి బయట ఖర్జూరపు నీడలో వేసుకున్నాను. దొడ్డి బయట అని ఎందుకంటున్నానంటే, అప్పటిదాకా నేను ఒక్కసారి కూడా లోపలికి పోలేదు. గడ్డి కూడా గొట్టాల మీది నుంచే విసిరేవాణ్ణి. ఆ దూరం నుంచే పళ్లకు మార్కులు వేశాను. ఆవు నోరు తెరిచి చూపించదు కదా; ముఖం ప్రశాంతంగా ఉన్నదానికి పళ్లు బాగానే ఉంటాయని తొమ్మిది వేశాను. కాళ్లు నాలుగూ ఉన్నాయో లేదో చూసుకుని వాటికీ తొమ్మిదే వేశాను. గుణం కాలమ్‌లో, నా వైపు చూడనివాటికి ఎక్కువ, చూసినవాటికి తక్కువ. దూడ అన్న గడి దగ్గర కొంచెం ఆగాను. దూడలు పగలంతా అటు మూల రేకుల నీడలో ఒక గుంపుగా పడుకునేవి, ఆవులు ఇటు పడుకునేవి. ఏది ఎవరిదో తెలిసేది కాదు. తెల్లవారుజామున అవి తల్లుల దగ్గర పాలు తాగుతున్నప్పుడు వచ్చి చూస్తే తెలిసేదే. ఆ వేళకు నేను నిద్రలో ఉండేవాణ్ణి. అందుకని రంగు కలిపి చూసుకున్నాను. ఎర్ర ఆవుకు ఎర్ర దూడ, నల్ల ఆవుకు నల్ల దూడ. మిగిలిన దూడల్ని ఏ ఆవు ముఖం దిగులుగా ఉంటే దానికి ఇచ్చాను.

మందలో ఒక ఆవు ఉండేది, దాని పేరు మలికా, రాణి అని అర్థం. అర్బాబ్ పెట్టిన పేరే. ముదురు ఎరుపు రంగు, నూనె రాసినట్టు మెరిసే చర్మం, పక్కటెముక ఒక్కటీ కనబడదు, నడుస్తుంటే మిగతావి దారి ఇచ్చేవి. అర్బాబ్ సాయంత్రం తోటకు వచ్చినప్పుడు మొదట దాని దగ్గరికే పోయి నుదురు గోకేవాడు. నేను దానికి అరవైకి యాభై ఎనిమిది వేశాను. (రెండు మార్కులు ఎందుకు తగ్గించానంటే, పూర్తిగా వేస్తే పరీక్ష చేసినవాడి మీద అనుమానం వస్తుంది.) మందలోకెల్లా పెద్ద దూడ, మంచి ఎర్ర రంగు కోడెదూడ, దాన్నీ మలికా లెక్కలోనే రాశాను. ఇటు చివర ముప్పై ఒకటో నంబర్ ఆవు. తెలుపూ నలుపూ మచ్చలు, ఒక కొమ్ము కిందికి వంగి, తుంటి ఎముకలు పొడుచుకొచ్చి, గుడ్డలు ఆరేసుకోవచ్చన్నట్టు ఉండేది. ఎప్పుడు చూసినా మేస్తూనే ఉండేది, ఆ మేసిందంతా ఎక్కడికి పోతుందో తెలియదు. దానికి పదమూడు వచ్చాయి. దూడ గడిలో సున్నా.

మేడం రెండు రంగు డబ్బాలు తెచ్చింది, నొక్కితే చిమ్మేవి. ఉంచాల్సినవాటి తుంటి మీద పచ్చ, అమ్మాల్సినవాటి మీద ఎరుపు. ఆ పని మాత్రం నేనే చేశాను, గొట్టాల సందులోంచి చెయ్యి పెట్టి. పన్నెండింటికి ఎరుపు పడింది. అర్బాబ్ కాగితాలు తిప్పి చూసి, మలికా వరుస దగ్గర ఆగి, చాలాసేపు నవ్వుకుంటూ నిలబడ్డాడు. ఆ ఆవు తల్లిని ఆయన భార్య పెంచిందట. ఆమె పోయి నాలుగేళ్లు. నాకు అది అప్పుడు తెలియదు. నిపుణుడంటే ఇలా ఉండాలని కూతురితో అన్నాడు. మేడం మాత్రం ముప్పై ఒకటో ఆవు వైపు చూసి, దాని పొదుగు పెద్దగా ఉంది కదా అని అడిగింది. వాపు అని చెప్పాను. అంత ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆదివారం లారీ వస్తుందనగా శుక్రవారం మధ్యాహ్నం అమ్మకు ఫోన్ చేశాను. ఆవులకు మార్కులు వేసిన సంగతి గొప్పగా చెప్పాను. మలికా సోకు వర్ణించాను, ముప్పై ఒకటో దాని బక్కతనం చెప్పి నవ్వాను. అమ్మ నవ్వలేదు.

"ఎన్ని ఈతలైనయ్ దానికి?" అంది.

ఎన్నిసార్లు ఈనిందో నాకు తెలియదు. ఆ సంగతి అడగాలనే నాకు తోచలేదు. ఏమో అన్నాను.

"మరి ఆ బలిసినదానికి?"

దానిదీ తెలియదు. అటువైపు అమ్మ చేతిలోని చీపురు కింద పడేసిన చప్పుడు వినబడింది. ఆ చప్పుడు నాకు బాగా పరిచయం. పదో తరగతి మార్కుల కాగితం చూసినప్పుడు కూడా ఇలాగే పడేసింది.

"బిడ్డా, ఈనిన గొడ్డు బలుస్తదా? తిన్నదంతా పాలైపాయె, పాలన్నీ దూడ గుంజవట్టె. బక్కగున్నదంటే అది పని చేస్తున్నట్టు. నున్నగ బలిసి తిరుగుతున్నదంటే ఏండ్ల సంది వట్టిగనే ఉన్నట్టు. గంత కూడ తెల్వకుండ మార్కులెట్ల ఏసినవ్?"

నేను దూడ మలికాదేనని, రంగు కలిసిందని వాదించాను. రంగు ఆబోతుది కూడా రావచ్చని, మా చెల్లె రంగు ఎవరిదో ఆలోచించుకొమ్మని అంది. తర్వాత ఉపాయం కూడా తనే చెప్పింది. సాయంత్రం దూడల్ని వేరుగా కట్టెయ్యాలి, పొద్దున ఒక్కసారి విడిచిపెట్టాలి. ఎవరి పిల్ల ఎవరి దగ్గరికి పోతుందో అదే చెబుతుంది, కాగితం అక్కర్లేదు. నేను సరేనని ఫోన్ పెట్టబోతుంటే ఆగమంది.

"ఎర్ర రంగు ఏసినయి యాడికి పోతయ్ రా?"

 సిగ్నల్ లేదని అబద్ధం చెప్పబోయాను, అంతలో అమ్మే మళ్లీ మాట్లాడింది.

"నాకు ఎరుకైతనే ఉన్నది. గన్ని ఆవులు ఉన్నయ్, ఒక్కనాడన్న పాలు పిండిన ముచ్చట చెప్పకపోతివి. వాళ్ల తిండి వాళ్లది. నీ చేతుల ఉన్నన్ని దినాలు మంచిగ చూస్కో. తప్పు మార్కు ఏసి పాలిచ్చే తల్లిని మాత్రం పంపకు."

ఆ తర్వాత తోటలో నాకిచ్చిన రూమ్‌లో మంచం మీద కూర్చున్నాను. ఊరుకుంటే ఊరుకోవచ్చు. లారీ వస్తుంది, పోతుంది, నా రెండు నెలలు అయిపోతాయి, నేను మళ్లీ క్యాంపుకు పోతాను. తప్పు తెలిసేసరికి నేను ఉండను. నోరు విప్పితే ఆ రోజే వెళ్లగొడతారు. అన్నీ ఆలోచించుకున్నాను గానీ ముప్పై ఒకటో ఆవు తలెత్తి నమిలే చప్పుడు ఆ రూమ్ దాకా వినబడుతూనే ఉంది. లేచి చెప్పులు వేసుకున్నాను.

ఎండ తగ్గాక మొట్టమొదటిసారి దొడ్డిలోపలికి అడుగు పెట్టాను. ఇరవై ఆరు దూడల్ని పక్క కొట్టంలోకి తోలాలి. మొదటిది నా ముఖం చూసి పరుగెత్తింది. రెండోదాని మెడ పట్టుకున్నాను, అది నన్ను పట్టుకున్నట్టే లెక్క. దొడ్డి ఈ చివర నుంచి ఆ చివర దాకా పేడలో బోర్లా లాక్కుపోయింది. మడుల్లో నీళ్లు పెట్టే బంగ్లాదేశ్ భాయ్ గొట్టాల మీద గడ్డం ఆనించి కాసేపు చూసి, జాలిపడి, ఖర్జూరాల బుట్ట తెచ్చి కొట్టంలో పెట్టాడు. దూడలన్నీ వాటంతట అవే లోపలికి నడిచాయి. అంత తేలికైన పని కోసం నేను ఒక చొక్కా, ఒక చెప్పు పోగొట్టుకున్నాను.

శనివారం పొద్దున్నే అర్బాబ్‌నూ మేడంనూ రమ్మని ఫోన్ చేశాను. వాళ్లు వచ్చేసరికి దూడలు ఆకలితో అరుస్తున్నాయి, ఆవులు బదులు అరుస్తున్నాయి, మేం ముగ్గురం గట్టిగా మాట్లాడితేనే వినబడుతుంది. మెల్లగా చెప్పుకోవాల్సిన తప్పును అరిచి చెప్పాల్సి వచ్చింది. మా ఇంట్లో ఒక్కటే బర్రె అని, దాన్ని కూడా మా అమ్మే చూసేదని, పళ్లు చూడలేదని, రంగు చూసి దూడల్ని పంచానని, అంతా అరిచాను.  మేడం కాగితాలు మడిచి చంకలో పెట్టుకుంది. ఇక నా సంచి సర్దుకోవడమే అనుకుని, దానికి ముందు ఒక్కటి చూడమని కొట్టం గేటు తీశాను.

ఇరవై ఆరు దూడలు ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. ఒక్కటీ తడబడలేదు, ఒక్కటీ తప్పు తల్లి దగ్గర ఆగలేదు. ఎర్ర దూడ నల్ల ఆవు దగ్గరికి, తెల్ల దూడ ఎర్ర ఆవు దగ్గరికి, నా నాలుగు రోజుల చదువంతా నా కళ్లముందే తారుమారైపోయింది. మందలోకెల్లా పెద్దదైన ఆ ఎర్ర కోడెదూడ తోక పైకెత్తి మలికా పక్కనుంచే దూసుకుపోయి, ముప్పై ఒకటో ఆవు కడుపు కిందికి దూరి, పొదుగును ఎంత బలంగా గుద్దిందంటే ఆ బక్కప్రాణం వెనక కాళ్లు కాసేపు గాలిలోకి లేచాయి. అయినా అది పక్కకు జరగలేదు. తల తిప్పి దూడ వీపు నాకుతూ నిలబడింది. అటూ ఇటూ పాలు చప్పరించే చప్పుడు. నా ఎర్ర గుర్తు పడ్డ పన్నెండింటిలో ఏడింటి కింద దూడలున్నాయి. మలికా దొడ్డి మధ్యలో ఒంటరిగా, తన పచ్చ గుర్తుతో, మెరుస్తూ నిలబడి ఉంది. దాని దగ్గరికి ఏ దూడా రాలేదు. కాసేపటికి అది మా వైపు నడిచొచ్చి అర్బాబ్ ముందు నుదురు పెట్టింది.

ఆయన దాని నుదురు గోకాడు. తర్వాత కూతురితో అరబ్బీలో ఏదో అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని నాకు హిందీలో చెప్పింది. ఇది వట్టిదని నాన్నకు రెండేళ్లుగా అనుమానం ఉందట, అడిగితే చాచా ఎక్కడ నిజం చెప్పేస్తాడోనని అడగలేదట. నా కాగితం చూసినప్పుడు ఆయనకంత సంతోషం ఎందుకు కలిగిందో నాకు అప్పుడు అర్థమైంది, నా మీద నాకే సిగ్గేసింది.

మధ్యాహ్నం పశువుల డాక్టర్ వచ్చి దూడలు లేని ఆవుల్ని ఒక్కొక్కటిగా చెయ్యి పెట్టి చూశాడు. కొన్ని చూడితో ఉన్నాయి, వాటిని ఉంచారు. మిగతావి ఉంచలేదు. మేడం నన్ను పక్కన నిలబెట్టుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టింది. ఈసారి నేను ఆవుల నోళ్లు తెరిచాను. అరిగిన పళ్లు ఎలా ఉంటాయో, గిట్టలు ఎటు తిరిగితే ఆవు మేతకు నడవలేదో, చనుమొన మరీ లావైతే పుట్టిన దూడ ఎందుకు నోట పెట్టుకోలేదో, ఒక్కో ఆవు దగ్గర ఒక్కో పాఠం. వాపు అన్న నా మాటను ఆమె ఆ రోజు నాలుగుసార్లు గుర్తుచేసింది. సాయంత్రానికి ఎరుపు మీద పచ్చ, పచ్చ మీద ఎరుపు చిమ్మేసరికి రెండూ కలిసి సగం మంద బురద రంగుకు తిరిగింది. మరునాడు వచ్చిన బేరగాడు ఆ మూడో రంగు అర్థమేమిటని అడిగాడు. అర్బాబ్ నా వైపు చూపించి, అది మా ఖబీర్ రంగు, దానికి అర్థం ఆయనకే తెలుసు అన్నాడు.

మలికా విషయం ఆయనే తేల్చాడు. మేడం రంగు డబ్బా పట్టుకుని నిలబడి ఉందే గానీ ఏ రంగూ వేయలేకపోయింది. "ఇది నా ఇంటి మనిషి, దీని తిండి నా ఇంటి వంట ఖర్చులో రాసుకో, తోట లెక్కలో రాయకు" అన్నాడు. లెక్క ప్రకారం అది తప్పేనని మేడం నాకు తర్వాత చెప్పింది, చెబుతూ నవ్వింది. లారీ వెనక తలుపు దించగానే నేను దొడ్డి నుంచి బయటికి వచ్చేశాను. ఆ ఎక్కించే పని నాతో కాదని అర్బాబ్‌కు చెప్పాను. కారణం అడుగుతాడేమో అనుకున్నాను. ఆయన అడగలేదు. పోయి అందరికీ చాయ్ పెట్టమన్నాడు. నేను ఆ చాయ్‌ని ఎంతసేపు మరిగించానంటే లారీ మట్టిరోడ్డు దాటి పోయేదాకా అది తయారు కాలేదు.

అందరూ పోయాక ఆయన నిమ్మచెట్ల కింద చాప మీద కూర్చుని నన్ను పిలిచాడు. నా సంచి అప్పటికే సర్ది ఉంది. కూర్చోమన్నాడు, కూర్చున్నాను. ఒక కప్పు నాకిచ్చి, ఒకటి తను తీసుకుని, చాలా మామూలుగా అడిగాడు.

"నీకు రానివి ఇంకా ఏమున్నాయో ఇప్పుడే చెప్పేయ్. అన్నీ ఒకేసారి."

చెప్పడం మొదలుపెట్టాను. ట్రాక్టర్ రాదు. అరబ్బీ రాదు. వెల్డింగ్ రాదు, కళ్లు మూసుకుని చేస్తాను. ఈత రాదు. వంటలో పప్పు తప్ప ఏదీ రాదు. పొద్దున లేవడం రాదు. ఆయన ప్రతిదానికీ వేలు మడుస్తూ వచ్చాడు, రెండు చేతుల వేళ్లూ అయిపోతే మళ్లీ మొదటి నుంచి మడిచాడు. నేను చెప్పేకొద్దీ నాకు ఒళ్లు తేలికవుతూ వచ్చింది, ఏడాదిగా తల మీద మోస్తున్న సిమెంటు బస్తాలు ఒక్కోటి దింపుతున్నట్టు. ఎక్కడో మధ్యలో ఇద్దరం నవ్వడం మొదలుపెట్టాం. చాయ్ చల్లారిపోయింది. చివరికి ఆయన లేస్తూ, సరే, రేపు పొద్దున లేవడం నుంచి మొదలుపెడదాం అన్నాడు.

ఆ రెండు నెలలు ఈ తోటలోనే పన్నెండేళ్లయ్యాయి. ఇప్పుడు నన్ను చుట్టుపక్కల తోటల నుంచి ఆవుల్ని చూడ్డానికి పిలుస్తారు, పోయి చూసొస్తాను. ఎవరైనా కొత్త సంగతి అడిగితే గొంతు దాకా వచ్చిన పాత మాటను మింగి, తెలుసుకుని చెబుతానంటాను; మర్యాదస్తుడనుకుంటారు. నిజానికి నాకు తెలియనివి అప్పటికంటే ఇప్పుడు చాలా ఎక్కువ, వేళ్లు చాలవు. కానీ ఇంత వయసొచ్చాక మనల్ని చాప మీద కూర్చోబెట్టుకుని, చాయ్ చల్లారేదాకా అవన్నీ వినేంత తీరిక ఎవరికుంటుంది? ఆ సాయంత్రం పేడ మరకలతో, ఒంటి చెప్పుతో, ఒక్కొక్కటే ఒప్పుకుంటూ కూర్చున్న ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకు నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది.